సొంత ల్యాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రామ్ కొట్లో ఎందుకు ఆగిపోతుంది?

సారాంశం: కొత్తగా డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం కోడ్‌లోని లాజిక్ కాదు. రాసినవారి మెషీన్‌లో ముందే ఉన్నవి అన్ని మెషీన్లలోనూ ఉంటాయని కోడ్ నమ్మడమే మూలం. పాత్ (విండోస్ ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితా), డీఎల్ఎల్ (ప్రోగ్రాములు పంచుకుని వాడే కోడ్ ఫైల్), ఫైల్ దారి, అనుమతులు, తెలుగు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి), తేదీ పద్ధతి, థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పని నడిచే ఒక పాయ) ఇందులోకి వస్తాయి. లక్షణాన్ని బట్టి కారణాన్ని ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

2025 అక్టోబర్ 14న విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడతామని, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని గూగుల్ ప్రకటించింది. అదే రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ ముగిసింది. పూర్ణామార్కెట్ కొట్ల వాళ్లకూ, ఆటోనగర్ వర్క్‌షాపులకూ ముందుగా తగిలింది రెండోదే. బిల్లింగ్, స్టాకు లెక్క, కాటా దగ్గర తూకం చీటీ లాంటి పనులు ఇప్పటికీ డెస్క్‌టాప్ ప్రోగ్రాముల మీదే నడుస్తున్నాయి. మెషీన్ మారిస్తే ఆ ప్రోగ్రామ్ కొత్తదాని మీద కూడా నడవాలి. ఆ పని చాలాసార్లు ఇంజినీరింగ్ అప్పుడే ముగించినవారికో, ద్వారకానగర్‌లో ఏదో ఒక కోర్సు నేర్చుకుంటున్నవారికో అప్పగిస్తారు. కాలేజీ ప్రాజెక్టులో ఎదురుపడని తప్పులన్నీ వారికి అక్కడే ఎదురుపడతాయి.

ముందు ఎర్రర్ చదవాలి, తర్వాతే ఏదైనా

ప్రోగ్రామ్ ఆగగానే చాలామంది అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మొదటి అడుగుగా ఇంతకన్నా చెడ్డది లేదు. అప్పటిదాకా ఉన్న ఆధారం దాంతో చెరిగిపోతుంది. సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి మళ్లీ వస్తుంది.

ఎర్రర్ ఎక్కడ చదవాలన్నది భాషను బట్టి మారుతుంది. పైథాన్ ట్రేస్‌బ్యాక్‌ను, అంటే ఎర్రర్‌తో పాటు చూపే వరుసల జాబితాను, కింది నుంచి పైకి చదవాలి. చివరి వరుసలో తప్పు పేరు ఉంటుంది, దానిపైన ఉన్న వరుసల్లో మన సొంత ఫైల్ పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగాలి. జావాలో పై వరుస చాలాసార్లు దారి తప్పిస్తుంది, అన్నిటికన్నా కింద ఉన్న "కాజ్డ్ బై" వరుసే అసలు కారణం. సీ షార్ప్‌లో పై వరుసతో పాటు "ఇన్నర్ ఎక్సెప్షన్" కూడా తెరిచి చూడాలి.

ఎర్రర్ అసలేమీ రాకుండా విండో మాయమైతే మూడు పనులు చేయాలి. మొదట ఎగ్జీని డబుల్ క్లిక్ చేయకుండా కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడపాలి. కన్సోల్ ప్రోగ్రామ్ అయితే చివరి మాటలు తెర మీద నిలుస్తాయి. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్ తెరిచి, ఆగిన సమయానికి ఉన్న ఎర్ర గుర్తు మీద నొక్కాలి. "ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్" అన్నచోట ఏ ఫైల్ దగ్గర పడిపోయిందో ఉంటుంది. ఇక మూడోది, కోడ్‌లో ఖాళీ క్యాచ్ బ్లాకులను (తప్పు జరిగినప్పుడు నడవాల్సిన కోడ్ ఉండే చోట్లను) వెతకడం. ఎర్రర్ మెసేజ్ కస్టమర్‌కు కనపడకూడదని కొత్తవారు క్యాచ్ పెట్టి లోపల ఏమీ రాయరు. దాంతో తప్పు దాని చోట బయటపడకుండా, పది అడుగుల తర్వాత వేరే రూపంలో పైకి వస్తుంది. క్యాచ్ ఉన్న ప్రతిచోటా కనీసం తేదీ, సమయం, పూర్తి ఎర్రర్ ఒక లాగ్ ఫైల్‌లోకి రాయాలి. కొట్టు యజమాని ఫోన్‌లో "రావట్లేదండి" అన్నప్పుడు అడగగలిగేది ఆ ఫైలే.

కమాండ్ దొరకదు, మాడ్యూల్ దొరకదు

"ఈజ్ నాట్ రికగ్నైజ్డ్" అన్న మెసేజ్‌కు అర్థం ఒక్కటే. పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లలో ఆ పేరుతో ప్రోగ్రామ్ లేదు. పాత్ సరిచేశాక కూడా అదే మెసేజ్ వస్తే, తెరిచి ఉన్న విండో పాత జాబితానే పట్టుకుని ఉందన్నమాట. ఏ ప్రోగ్రామ్ అయినా మొదలైనప్పుడే ఆ జాబితాను కాపీ చేసుకుంటుంది కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌ను, వీఎస్ కోడ్‌ను మూసి మళ్లీ తెరవాలి. పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడం ఇంకో చిక్కు. సెట్టింగ్స్‌లో "యాప్ ఎగ్జిక్యూషన్ అలయాసెస్" దగ్గర పైథాన్ స్విచ్‌లు ఆపితే అది పోతుంది.

పైథాన్ లైబ్రరీలు ఎక్కించే టూల్ అయిన పిప్‌తో లైబ్రరీ ఎక్కించినా "మాడ్యూల్ నాట్ ఫౌండ్" వస్తుందంటే చాలాసార్లు మెషీన్‌లో రెండు పైథాన్‌లు ఉన్నట్టే. పిప్ ఒకదానిలో పెట్టింది, ప్రోగ్రామ్ రెండోదానితో నడుస్తోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో "వేర్ పైథాన్" కొడితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. పవర్‌షెల్‌లో అదే మాట వేరే కమాండ్‌కు పొట్టి పేరు కాబట్టి అక్కడ ఏమీ చూపించదు. "వేర్ డాట్ ఎగ్జి" అని పూర్తిగా రాయాలి. పిప్‌ను నేరుగా పిలవకుండా "పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్" అనడం అలవాటు చేసుకుంటే ఈ చిక్కే రాదు.

జావాలో దీనికి దగ్గర బంధువు "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్". కొత్త జేడీకేతో (జావా డెవలప్‌మెంట్ కిట్‌తో) కంపైల్ చేసి పాత జావా మీద నడిపితే వస్తుంది. మెసేజ్‌లో ఉండే అంకెలే జవాబు చెబుతాయి. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21.

డీఎల్ఎల్ లేదు, లేదా ఉన్నది సరిపోదు

విజువల్ సీ++తో తయారైన ప్రోగ్రామ్ కొత్త మెషీన్ మీద "వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ లేదు" అంటుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ ఎక్కిస్తే సరిపోతుంది. నెట్‌లో ఎవరో పెట్టిన ఒక్క డీఎల్ఎల్ ఫైల్ తెచ్చి సిస్టమ్ ఫోల్డర్‌లో వేయడం మాత్రం వైరస్‌కు తలుపు తీయడమే.

ఫైల్ పేరు చివర 140 తర్వాత "డి" అక్షరం కూడా ఉంటే కథ వేరు. అది డీబగ్ బిల్డ్‌కు, అంటే తప్పులు వెతకడానికి రాసేవారు తమ కోసం చేసుకునే ఎగ్జీకి, చెందిన ఫైల్. విజువల్ స్టూడియో ఉన్న మెషీన్లలో తప్ప ఉండదు, ఇతరులకు పంచడానికి లైసెన్స్ కూడా ఒప్పుకోదు. కస్టమర్ మెషీన్‌లో ఎన్ని రీడిస్ట్రిబ్యూటబుల్‌లు ఎక్కించినా ఆ మెసేజ్ పోదు. రిలీజ్ బిల్డ్ చేసి ఇవ్వడమే దారి.

ఎర్రర్ కోడ్ చివర 7బి అని ఉంటే సాధారణంగా 32-బిట్, 64-బిట్ కలగలిశాయని అనుమానించాలి. యాక్సెస్ డేటాబేస్‌తో చేసిన కాలేజీ ప్రాజెక్టుల్లో "ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్" అని వచ్చేదీ ఎక్కువగా ఈ తేడా వల్లే. ఒకే ప్రాసెస్‌లో రెండు రకాలు కలిసి ఉండలేవు. 32-బిట్ ప్రోగ్రామ్‌కు 32-బిట్ డ్రైవరే కావాలి. మెషీన్‌లో 64-బిట్ ఆఫీస్ ఉంటే ఆ డ్రైవర్ 64-బిట్‌దే ఉంటుంది. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుల్లో "ఎనీ సీపీయూ" పక్కనే "ప్రిఫర్ 32-బిట్" అన్న టిక్ మొదటి నుంచీ పడి ఉంటుంది. 64-బిట్ అనుకుంటున్న ప్రోగ్రామ్ 32-బిట్‌గా నడవడానికి కారణం ఆ టిక్కే.

విండోస్ 11కి మారేటప్పుడు ఇది ఇంకాస్త బరువెక్కుతుంది. విండోస్ 11లో 32-బిట్ ఎడిషనే లేదు. 32-బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ 16-బిట్ కోడ్ అసలు నడవదు. చాలా పాత వీబీ (విజువల్ బేసిక్) ప్రోగ్రాములు కొన్నిటికి సెటప్ ఫైల్ 16-బిట్‌ది. లోపలి ప్రోగ్రామ్ నడవగలిగినా దాన్ని ఎక్కించే సెటప్ తెరుచుకోదు.

ఫైల్ ఎక్కడికి పోయింది

"డేటా డాట్ డీబీ" అని పేరు మాత్రమే రాస్తే ప్రోగ్రామ్ దాన్ని తన ఫోల్డర్‌లో వెతకదు, అప్పటి వర్కింగ్ డైరెక్టరీలో (ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో అందులో) వెతుకుతుంది. ఎడిటర్ నుంచి నడిపితే అది చాలాసార్లు ప్రాజెక్ట్ ఫోల్డర్. షార్ట్‌కట్ నుంచి నడిపితే "స్టార్ట్ ఇన్" గడిలో ఉన్నది. టాస్క్ షెడ్యూలర్ నుంచి నడిపితే, ఏమీ చెప్పకపోతే, విండోస్ సిస్టమ్32 ఫోల్డర్. ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్ అయితే ఫైల్ దొరకలేదని చెప్పకుండా కొత్త ఖాళీ ఫైల్ తయారుచేస్తుంది. అందుకే "టేబుల్ లేదు" అనో, "నిన్నటి బిల్లులు పోయాయి" అనో ఫిర్యాదు వస్తుంది. నిజానికి డేటా ఎక్కడికీ పోలేదు, ప్రోగ్రామ్ వేరే ఫైల్ తెరిచింది.

ఎగ్జీ ఉన్న ఫోల్డర్‌ను బట్టి దారి కట్టినా పూర్తిగా తీరదు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు యూజర్‌కు రాసే హక్కు లేదు. పాత వీబీ6 లాంటి 32-బిట్ ప్రోగ్రాములు అక్కడ రాయబోతే విండోస్ ఆ ఫైల్‌ను చడీచప్పుడు లేకుండా యూజర్ ఫోల్డర్‌లోని "వర్చువల్‌స్టోర్"లోకి మళ్లిస్తుంది. ఒకే మెషీన్ మీద పగటి గుమాస్తా లాగిన్‌లో ఒక లెక్క, సాయంత్రం గుమాస్తా లాగిన్‌లో మరో లెక్క కనపడితే ముందు అక్కడ చూడాలి. "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెట్టడం మందు కాదు. ఒక్క యూజర్ డేటా అయితే యాప్‌డేటాలో, అందరిదీ అయితే ప్రోగ్రామ్‌డేటాలో సొంత ఫోల్డర్ చేసుకుని, సెటప్ సమయంలోనే దానికి రాసే హక్కు ఇవ్వాలి.

డెస్క్‌టాప్ దారిని కోడ్‌లో అక్షరాలా రాసేసిన ప్రోగ్రాములు కొత్త విండోస్ 11 మెషీన్లలో మరో రకంగా దెబ్బతింటాయి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతుంది. ఆ దారిని విండోస్‌నే అడిగి తెలుసుకోవాలి.

ఎగ్జీగా మారిస్తే బొమ్మలు మాయం

పైథాన్ ప్రోగ్రామ్‌ను ఎగ్జీగా మార్చే పైఇన్‌స్టాలర్ వన్-ఫైల్ పద్ధతిలో ఎగ్జీ నడిచిన ప్రతిసారీ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకుని, మూసేటప్పుడు దాన్ని చెరిపేస్తుంది. జతచేసిన లోగో, ఐకాన్ లాంటివి ఆ ఫోల్డర్‌లోనే వెతకాలి. డేటాబేస్ మాత్రం అక్కడ పెట్టకూడదు, మూసేసరికి పోతుంది. యాంటీవైరస్‌లు ఇలాంటి ఎగ్జీలను అనుమానించడం మామూలే. వన్-ఫోల్డర్ పద్ధతిలో ఇస్తే ప్రోగ్రామ్ త్వరగా తెరుచుకుంటుంది, అనుమానమూ తగ్గుతుంది.

"నాట్ రెస్పాండింగ్" వెనక ఉన్న వరుస

విండో ఉన్న ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక ప్రధాన థ్రెడ్ ఉంటుంది. మౌస్ క్లిక్, కీ నొక్కడం, తెరను మళ్లీ గీయమనే ఆదేశం అన్నీ ఒకే వరుసలో చేరతాయి. ఆ థ్రెడ్ ఒక్కొక్కటే తీసి పూర్తిచేస్తుంది, బటన్ నొక్కినప్పుడు నడిచే కోడ్ కూడా దాని మీదే. స్టాకు రిపోర్ట్ చదవడానికి 20 సెకన్లు పడితే ఆ 20 సెకన్లూ వరుస కదలదు. 5 సెకన్ల పాటు జవాబు రాకపోతే విండోస్ ఆ విండోను తెల్లగా చేసి "నాట్ రెస్పాండింగ్" అని తగిలిస్తుంది.

రాసినవారికి ఇది కనపడకపోవడానికి కారణం డేటా పరిమాణం. ఇంట్లో పరీక్షించిన టేబుల్‌లో 20 వరుసలుంటాయి. కొట్లో ఐదేళ్ల బిల్లులుంటాయి.

అసలు నష్టం తెర తెల్లబడటం కాదు. సేవ్ నొక్కితే కదలిక కనపడక గుమాస్తా మరో రెండుసార్లు నొక్కుతాడు. మొదటి కొద్ది సెకన్లలో పడ్డ ఆ క్లిక్కులు వరుసలో నిలిచి ఉండి, మొదటి సేవ్ అయ్యాక ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఒకే బిల్లు మూడుసార్లు పడుతుంది. దీనికి కొత్తవారు పెట్టే విరుగుడు, కోడ్ మొదట్లో బటన్‌ను డిజేబుల్ చేసి చివర్లో ఎనేబుల్ చేయడం. అది పనిచేయదు. నిలిచిన క్లిక్కులు వరుసలోంచి బయటికొచ్చేసరికి బటన్ మళ్లీ ఎనేబుల్ అయి ఉంటుంది. వరుసలో నిలిచినవాటిని మధ్యలోనే నడిపించే "డూఈవెంట్స్" పెడితే ఇంకా ప్రమాదం. మొదటి సేవ్ సగంలో ఉండగానే రెండోది దాని మధ్యలో దూరుతుంది.

బరువైన పనిని వేరే థ్రెడ్‌కు పంపాలి. సీ షార్ప్‌లో ఎసింక్-అవెయిట్, జావా స్వింగ్‌లో స్వింగ్‌వర్కర్, క్యూటీలో క్యూథ్రెడ్ ఇందుకే ఉన్నాయి. పని నిజంగా బయటికి వెళ్లినప్పుడే బటన్ డిజేబుల్ చేయడానికి అర్థం ఉంటుంది. అలా పంపాక కొత్తవారికి రెండో అడ్డంకి ఎదురవుతుంది. వేరే థ్రెడ్ నుంచి లేబుల్ మారిస్తే విన్‌ఫామ్స్ "క్రాస్-థ్రెడ్ ఆపరేషన్ నాట్ వ్యాలిడ్" అంటుంది, కొన్ని ఇతర టూల్‌కిట్లు ఏమీ అనకుండా ఎప్పుడో ఒకప్పుడు కూలిపోతాయి. విండోలోని ప్రతి భాగాన్నీ దాన్ని పుట్టించిన థ్రెడే తాకాలి. ఫలితాన్ని విన్‌ఫామ్స్‌లో ఇన్‌వోక్ ద్వారా, స్వింగ్‌లో ఇన్‌వోక్‌లేటర్ ద్వారా, క్యూటీలో సిగ్నల్ ద్వారా వెనక్కి పంపాలి. టీకింటర్‌లో అయితే ఒక క్యూలో పెట్టి, "ఆఫ్టర్"తో కాసేపటికోసారి ఆ క్యూను చూడాలి.

తెలుగు చెడిపోయే తీరులు

ప్రశ్న గుర్తులు, చిత్రమైన రోమన్ అక్షరాలు, డబ్బాలు. మూడూ చూడటానికి ఒకే జబ్బులా ఉంటాయి గానీ కారణాలు వేరు, మందులూ వేరు.

వరసగా ప్రశ్న గుర్తులు కనిపిస్తే అక్షరాలు రాసేటప్పుడే పోయాయన్నమాట, వాటిని తిరిగి తేలేం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు సెట్టింగులతో వార్‌చార్ కాలమ్‌లో తెలుగు రాస్తే ఇదే జరుగుతుంది. కాలమ్ ఎన్‌వార్‌చార్ కావాలి, క్వెరీలో నేరుగా రాసే మాట ముందు "ఎన్" ఉండాలి. పారామీటర్లు వాడితే ఆ "ఎన్" సంగతి మరిచిపోవచ్చు.

గీత ఉన్న "ఎ", పక్కన డిగ్రీ గుర్తు జంటలు జంటలుగా కనిపిస్తే డేటా క్షేమంగా ఉంది, చదివే పద్ధతే తప్పు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. ఆ మూడిటినీ పాత విండోస్ 1252 పద్ధతిలో చదివితే మూడు వేర్వేరు రోమన్ గుర్తులవుతాయి. సీఎస్‌వీ ఫైల్‌ను ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసినప్పుడు ఎక్కువగా ఇదే కనపడుతుంది. ఫైల్ మొదట్లో బామ్ గుర్తు (ఇది యూటీఎఫ్-8 అని చెప్పే బైట్లు) ఉండేలా పైథాన్‌లో "యూటీఎఫ్-8-సిగ్" అని రాస్తే ఎక్సెల్ సరిగా తెరుస్తుంది.

డబ్బాలు కనిపిస్తే డేటా, చదివే పద్ధతి రెండూ సరైనవే, ఫాంట్‌లో తెలుగు లేదు. విండోస్‌లో అయితే నిర్మలా యూఐ గానీ గౌతమి గానీ ఎంచుకోవాలి. అక్షరాలు వచ్చి ఒత్తులు మాత్రం విడిపోయి పక్కపక్కన పడితే ఆ పీడీఎఫ్ లైబ్రరీకి తెలుగు అల్లిక రాదు. ఫాంట్ మారిస్తే అది బాగుపడదు, లైబ్రరీ మార్చాలి.

"చార్‌మ్యాప్" అన్న మాటతో పైథాన్ ఆగిపోవడం ఈ కుటుంబంలోదే. ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిస్తే విండోస్‌లో పైథాన్ పాత కోడ్ పేజీని వాడుతుంది. ఆ కోడ్ పేజీలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి రాయడం కుదరదు. ఫైల్ తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయాలి. జావా 18 నుంచి డిఫాల్ట్‌గానే యూటీఎఫ్-8 వచ్చింది. పైథాన్ కూడా 3.15 నుంచి అలా మారాలని నిర్ణయించింది.

పొడవు లెక్క కూడా ఇక్కడే తప్పుతుంది. "విశాఖపట్నం" కంటికి ఐదు అక్షరాలు. యూనికోడ్‌లో 10 కోడ్ పాయింట్లు (గుణింతం గుర్తు, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి), యూటీఎఫ్-8లో 30 బైట్లు. 20 బైట్ల గడిలో పెడితే ఏడో కోడ్ పాయింట్ అయిన "ట" మధ్యలో తెగి చెడిపోతుంది. 8 కోడ్ పాయింట్ల దగ్గర కోస్తే "విశాఖపట్" అవుతుంది. బిల్లు మీద ఊరి పేరు ఇలా కనపడితే ప్రింటర్‌ను తప్పుపట్టే ముందు కోత ఎక్కడ పడిందో చూడాలి. ఇక థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా తెలుగు అక్షరాలు లేవు. తెలుగు వరుసను బొమ్మగా గీసి పంపాలి. 203 డీపీఐ ప్రింటర్‌లో 80 మి.మీ. కాగితానికి ఆ బొమ్మ వెడల్పు 576 చుక్కలు, 58 మి.మీ. కాగితానికి 384.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన అను ఫాంట్ల ఫైల్ వేరే సంగతి. అందులో ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు, రోమన్ కోడ్ల మీద తెలుగు ఆకారాలు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాకే డేటాబేస్‌లోకి ఎక్కించాలి.

పైసా తేడా, తేదీ తేడా

రూ. 12.50 వస్తువు మీద 18 శాతం జీఎస్టీ అంటే సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. ఒక్కోటి రూ. 1.125. ఎక్సెల్ దీన్ని 1.13 చేస్తుంది. సీ షార్ప్‌లోని మ్యాథ్ రౌండ్, పైథాన్‌లోని రౌండ్ 1.12 చేస్తాయి. సరిగ్గా సగం దగ్గర సరి అంకె వైపు వెళ్లడం వాటి డిఫాల్ట్. వరుస వరుసకూ పేరుకున్న ఈ పైసాలను అకౌంటెంట్ నెలాఖరున అడుగుతాడు. డబ్బుకు ఫ్లోట్, డబుల్ వాడకుండా డెసిమల్ వాడాలి. రౌండింగ్ పద్ధతిని పేరుపెట్టి చెప్పాలి. సీ షార్ప్‌లో "అవే ఫ్రమ్ జీరో", జావాలోనూ పైథాన్ డెసిమల్‌లోనూ "హాఫ్ అప్".

తేదీలో మోసం ఇంకా మౌనంగా జరుగుతుంది. ల్యాబ్ మెషీన్ అమెరికా పద్ధతిలో ఉంటే 13/04 అని రాసినప్పుడు ఎర్రర్ వస్తుంది, కానీ 05/04 ఏ ఎర్రరూ లేకుండా మే 4 అయిపోతుంది. నెలలో మొదటి 12 రోజులే తప్పుగా ఉన్న రిపోర్ట్ చూస్తే కారణం ఇదేనని గట్టిగా అనుకోవచ్చు. తేదీని డేటాబేస్‌లో తేదీగానే దాచాలి. చదివేటప్పుడు పద్ధతిని కోడ్‌లో స్పష్టంగా చెప్పాలి.

కాటా దగ్గర కామ్ పోర్ట్

పోర్టు, ఆటోనగర్ పరిసరాల్లో వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) ప్రోగ్రాములకు గిరాకీ ఉంది, కాటాను కంప్యూటర్‌కు కలిపే సీరియల్ పోర్ట్ (కామ్ పోర్ట్) మాత్రం కాలేజీలో పెద్దగా నేర్పరు. తూకం అసలు రాకపోతే పోర్ట్ నంబరో కేబులో తప్పు. చెత్త అక్షరాలు వస్తుంటే బాడ్ రేటో (డేటా పంపే వేగం) ప్యారిటీయో (తప్పు పట్టే అదనపు బిట్) తప్పు, తూకం చూపే ఇండికేటర్ మాన్యువల్‌లో ఉన్నదే పెట్టాలి. "యాక్సెస్ డినైడ్" అంటే వేరే ప్రోగ్రామ్ ఆ పోర్ట్‌ను తెరిచి పట్టుకుంది. యూఎస్‌బీ కన్వర్టర్‌ను ఇంకో సాకెట్‌లో గుచ్చితే నంబర్ మారవచ్చు కాబట్టి కోడ్‌లో రాసేయకుండా సెట్టింగ్‌లో పెట్టాలి.

12450 కిలోల లారీ అప్పుడప్పుడు 124 కిలోలుగా పడటం వీటన్నిటిలోనూ ప్రమాదకరం. సీరియల్ డేటా ముక్కలుగా వస్తుంది. ఒకసారి చదివినప్పుడు "124", తర్వాతి సారి "50" రావచ్చు. వరుస ముగింపు గుర్తు వచ్చేదాకా కూడబెట్టి, పూర్తి వరుస దొరికాకే తూకంగా తీసుకోవాలి. డాట్‌నెట్‌లో ఈ డేటా వేరే థ్రెడ్ మీద అందుతుంది కాబట్టి పైన చెప్పిన క్రాస్-థ్రెడ్ ఎర్రర్ ఇక్కడా వస్తుంది.

కరెంటు పోయినా ఫైల్ నిలవాలి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత తుపాను అక్కర్లేదు, సేవ్ మధ్యలో ఒక్క క్షణం కరెంటు పోయినా చాలు. పాత ఫైల్ మీదే నేరుగా రాస్తే, తెరవగానే పాతది ఖాళీ అవుతుంది, కొత్తది సగమే పడుతుంది. పక్కన తాత్కాలిక ఫైల్‌లో పూర్తిగా రాసి, డిస్క్‌కు ఫ్లష్ చేసి (డిస్క్‌లో నిజంగా పడేలా చేసి), ఆ తర్వాత పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టాలి. బిల్లు తల, బిల్లు వరుసలు, స్టాకు తగ్గింపు ఈ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అన్నీ పడాలి లేదా ఏదీ పడకూడదు అనే కట్టలో, ఉండాలి. ఎస్‌క్యూలైట్ ఫైల్‌ను నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి నాలుగు కౌంటర్ల నుంచి రాయించడం మాత్రం మానుకోవాలి. "డేటాబేస్ ఈజ్ లాక్డ్"తో మొదలై ఫైల్ పాడయ్యేదాకా పోవచ్చు. అక్కడ మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ కావాలి.

ఇచ్చే ముందు పరీక్ష

డెవలప్‌మెంట్ టూల్స్ ఏవీ లేని విండోస్ మీద ఒకసారి నడపాలి. ప్రో ఎడిషన్‌లో విండోస్ శాండ్‌బాక్స్ ఉంది, తెరిచిన ప్రతిసారీ శుభ్రమైన విండోస్ ఇస్తుంది. హోమ్ ఎడిషన్‌లో అది లేదు కాబట్టి వర్చువల్ మెషీన్ గానీ స్నేహితుల మెషీన్ గానీ వాడాలి. అందులో అడ్మిన్ హక్కులు లేని కొత్త యూజర్‌ను చేసి, ఆ యూజర్ పేరులో ఖాళీ ఉండేలా చూసుకోవాలి. డిస్‌ప్లే స్కేలింగ్ 125 లేదా 150 శాతం, తేదీ పద్ధతి అమెరికాది పెట్టి, పార్టీ పేరు తెలుగులో కొట్టి, నకిలీ బిల్లులు 50,000 నింపి రిపోర్ట్ తీయాలి. ఆ తర్వాత సేవ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో ప్రోగ్రామ్‌ను ఎండ్ టాస్క్ చేసి, మళ్లీ తెరిచి చివరి బిల్లు పూర్తిగా ఉందో, అసలు లేదో చూడాలి. సగం ఉంటే ట్రాన్సాక్షన్ ఇంకా సరిగా కట్టలేదన్నమాట, ఆ ప్రోగ్రామ్‌ను అప్పుడే కొట్లో పెట్టకూడదు.